చినుకు పడదని ముద్ర వేసిన కాగితం

మార్చి 1

ఉప్పు మళ్లను ఏలుతున్న మా అక్కగారి దివ్య సముఖానికి,

వాతావరణ కేంద్రం డాబా మీద, కాగితం ఎగిరిపోకుండా ఇటుక పెట్టుకుని కూర్చున్న నీ ఏకైక తమ్ముడు విన్నవించుకునేది ఏమంటే, నీ కార్డు అందింది. "కథలు చెప్పకుండా వాన ఎప్పుడో ఒక్క ముక్కలో రాయి" అని అందులో ఉన్న ఒకే ఒక్క వాక్యాన్ని మూడుసార్లు చదివాను. నేను బతికున్నానా అన్న ప్రశ్న ఎక్కడైనా దాక్కుందేమోనని వెనక్కి తిప్పి కూడా చూశాను. వెనకాల చిరునామా ఉంది.

బతికే ఉన్నాను. నిన్న మాత్రం కాస్తలో తప్పింది. మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి, ఒక్కోటి నిమ్మకాయంత. నేను డాబా మీద ఉన్నాను. నీళ్ల ట్యాంకు కింద దూరి, మోకాళ్లు గడ్డానికి ఆనించి, మన అమ్మ కడుపులో ఎలా పడుకున్నానో ఇరవై నాలుగేళ్ల తర్వాత మళ్లీ అలా పడుకున్నాను. వెలిసి బయటికొచ్చాక చూస్తే డాబా నిండా పావురాలు. పదకొండు. ఒకదాని తల కనిపించలేదు. పెద్దసారు గొడుగు వేసుకుని పైకొచ్చి, ఎర్ర సిరా కలంతో రిజిస్టర్లో రాయించారు: "వడగళ్లు, నిమ్మకాయ పరిమాణం. ప్రాణనష్టం, పావురాలు." కింద టీ కొట్టాయన నెత్తి చిట్లి రక్తం కారుతుంటే, పగిలిన గ్లాసులు ఎవరివో తేల్చాలని జనంతో పోట్లాడుతున్నాడు.

ఇక వాన సంగతి. అక్కా, నీకు వందసార్లు చెప్పాను. మా ఆఫీసు పని పడిన వానను కొలవడం. పడబోయే వాన సంగతి నాకూ, నీకూ, మన గట్టు మీది పీతకూ సమానంగా తెలుసు. జోస్యం చెప్పే ఆఫీసు వేరే ఉంది, వాళ్ల జీతాలు కూడా వేరే. నేను భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, రోజుకు రెండుసార్లు డాబా ఎక్కి, గాజు గొట్టంలో నీళ్లు ఎంతున్నాయో ఒంటికన్నుతో చూసి రాస్తాను. లేకపోతే సున్నా రాస్తాను. ఈ రెండు నెలల్లో రాసినన్ని సున్నాలు నా మార్కుల జాబితాలో కూడా లేవు.

అయినా ఒక్క ముక్కలో కావాలన్నావు కాబట్టి, విడిగా ఒక కాగితం జత చేశాను. ఆఫీసు గుండ్రటి ముద్ర కూడా వేశాను. "ప్రత్యేక ప్రకటన. ఉప్పు మళ్ల ప్రాంతానికి. ఈ నెల పదిహేనో తేదీ వరకు చినుకు పడదు. ఆకాశం నిర్మలంగా ఉండును. గాలి మర్యాదగా వీచును." నవ్వకుండా రాయడానికి ఎంత కష్టపడ్డానో ఆ సంతకం వంకర చూస్తే తెలుస్తుంది. గోడకు తగిలించుకుని, నన్ను తిట్టాలనిపించినప్పుడల్లా చూసుకో.

ఫోన్ చేద్దామంటే ఉన్న ఒక్క ఫోనూ పక్క మళ్ల ఉరుముల మామ షెడ్డులో. ఆయన హలో అంటే ఇక్కడ మా యంత్రాల్లో పాదరసం పడిపోతుంది. పైగా ఆయన కొడుకు పిడుగుగాడు పక్కనే నిలబడి వింటాడు. బళ్లో నా జామెట్రీ బాక్సు తొక్కి చదును చేసినప్పటి నుంచి వాడికి నా యోగక్షేమాలంటే శ్రద్ధ. అందుకే బస్సు కండక్టరు చేతికే ఈ ఉత్తరం.

నాన్నకు నమస్కారాలు. నీకు అవి దండగ.

ఇట్లు,
సున్నాల శాఖాధికారి

*

మార్చి 4

తమ్ముడికి,

బతికున్నావని తెలిసింది. పావురాల గురించి చదివి బాధపడ్డాను.

ఇక్కడ రెండు రోజులుగా గాలి దిక్కు మార్చింది. సముద్రం వైపు నుంచి రావాల్సింది భూమి వైపు నుంచి వస్తోంది. మొహాన పొయ్యి తలుపు తెరిచినట్టుంది. మళ్లలో ఉప్పు మాత్రం ఎప్పుడూ లేనంత బాగా పేరుకుంది. ఇంకో పది రోజులు ఎండ కాస్తే గింజ పటికముక్కంత అవుతుంది. ఇప్పుడు మళ్లలోంచి గట్టుకు లాగితే సగం పంట, అదీ సన్నం. ఆగి ఉంటే బంగారం. వాన పడితే బురద. ఏటా ఉండే చావే.

నీ కాగితం నాకంటే ముందు నాన్న చేతిలో పడింది. ఆయన ముద్ర మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. మావాడి ఆఫీసు అన్నాడు. కండువా వేసుకుని తూకం షెడ్డుకు వెళ్లి, అందరూ చూసే గోడకు మేకు కొట్టి తగిలించాడు. తర్వాత గట్టిగా చదివి వినిపించాడు. ఉరుముల మామ కళ్లజోడు తెప్పించుకుని తనే ఇంకోసారి చదువుకున్నాడు. పిడుగు కూడా ఏమీ అనలేదు. నువ్వు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నాన్నను ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉన్నారు కదా, వాన నీళ్లు కొలవడం కూడా ఒక పనా అని. ఆ రోజు ఎవరూ అనలేదు.

నేను అక్కడే ఉన్నాను.

మన ఉప్పు లాగించేశాను. నిన్న మొదలుపెట్టి ఇవాళ్టికి పూర్తయింది. నాలుగు కుప్పలు వేసి టార్పాలిన్లు కప్పి తాళ్లు బిగించాం. తొందరేమిటని నాన్న అడిగితే, మనుషులు మళ్లీ దొరకరని చెప్పాను. నీ ముద్ర మీద నమ్మకం లేక కాదు, నీ మీద నమ్మకం ఉండి.

కాళ్ల పుళ్లు మానలేదు. టీ కొట్టాయన కుట్లు వేయించుకున్నాడా?

అక్క

*

మార్చి 8

జలగండం తప్పించుకున్న తమ్ముడు అక్కకు రాయునది,

అక్కా, నిన్న మా ఊరు లేచిపోయింది. అతిశయోక్తి అనుకుంటావు. అనుకో.

మూడింటికి పడమర వైపు ఆకాశం దెబ్బ తగిలి కమిలిన చర్మం రంగులోకి వచ్చింది. మూడుంపావుకు గాలి వేగం కొలిచే గిన్నెలు గిర్రున తిరిగి తిరిగి, ఇక మీ కొలతలకో నమస్కారం అన్నట్టు కడ్డీతో సహా ఊడి వెళ్లిపోయాయి. అవి రెండు వీధుల అవతల ఒక బడి కిటికీ పగలగొట్టుకుని గణితం క్లాసులో దిగాయట. పెద్దసారు నా నడుముకు తాడు కట్టి, రెండో కొస ట్యాంకుకు కట్టి, గొట్టం కాపాడమన్నారు. నన్ను కాదు, గొట్టాన్ని. నేను కౌగలించుకుని కూర్చున్నాను. పక్క గోడౌను రేకులు కత్తుల్లా ఎగురుతున్నాయి. ఒకటి వచ్చి మా గేటు స్తంభాన్ని సగానికి కోసింది. కరెంటు తీగ తెగి నీళ్లలో పాములా కొట్టుకుంది. మొత్తం నూట పన్నెండు మిల్లీమీటర్లు. నేను రాసిన మొట్టమొదటి గౌరవనీయమైన అంకె.

వెలిశాక కిందికి దిగితే, మూల మీద సైకిళ్లు బాగుచేసే ఆయన మీద ప్రహరీగోడ పడి ఉంది. ఇటుకలు నలుగురం తీశాం. ముందు కాళ్లు కనిపించాయి. చెప్పులు కొత్తవి. ఆ పై భాగం తీసేటప్పుడు నన్ను పక్కకు పొమ్మన్నారు, నేను పోయాను. దీని మీద హాస్యం రాలేదు, క్షమించు.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. కాగితాన్ని నాన్న గోడకు కొట్టాడా? ముందు పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాత ఆ వాక్యం దగ్గరే మళ్లీ ఆగాను. వాన మీ దాకా వచ్చిందా? నువ్వు కప్పేశావు కాబట్టి నాకు బెంగ లేదు. ఆ కాగితం మాత్రం తీయించెయ్. పదిహేను దాకా పడదన్నవాడు ఏడునే పడిన వానను కొలిచాడంటే మా శాఖ పరువు పోతుంది.

ఇట్లు,
తాడు కట్టిన తమ్ముడు

*

మార్చి 11

తమ్ముడికి,

వాన మా దాకా వచ్చింది. ఏడునే, మీ తర్వాత గంటకు. ముప్పావుగంట పడింది.

మామవాళ్లు లాగలేదు. వాళ్ల నలభై మళ్లలోనూ ఉప్పు పరిచే ఉంది. వాన మొదలవగానే ఇంటిల్లిపాదీ పరిగెత్తారు, నేనూ వెళ్లాను. తట్టలతో ఎత్తుతుంటే తట్టలోనే కరిగిపోయింది. మామ మడి మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు, చేతుల్లోంచి తెల్లనీళ్లు పోయాయి. ఆ రోజు ఆయన ఉరమలేదు.

తొమ్మిదిన పిడుగు వచ్చాడు, ఆరుగురితో. గడ్డపారలు తెచ్చారు. మన కుప్పల టార్పాలిన్లు కోశారు. గట్టు తవ్వి నిలవనీళ్లు కుప్పల మీదికి మళ్లించబోయారు. నాన్న అడ్డం వెళ్లి నిలబడ్డాడు. ఎవరో పారకర్రతో చెవి మీద కొట్టారు. పడిపోయాక పక్కలో తన్నారు. రెండు ఎముకలు విరిగాయని, ఎడమ చెవి ఇక వినపడదని డాక్టరమ్మ చెప్పింది. నేను ఉప్పు లాగే పొడుగు కర్ర పలక తీసుకుని పిడుగు చేతి మీద కొట్టాను. ఆ పలకకు అంచున ఇనుప పట్టీ ఉంటుంది, నీకు తెలుసు కదా. రెండు వేళ్లు వేలాడాయి. వాడు వాటిని చూసుకుని, నన్ను చూశాడు. నేను ఇంకోసారి కొట్టేదాన్నే. మావాళ్లు నన్ను వెనక్కి లాగేశారు.

పాత కాలువ గొడవే, ఇంకేం లేదు. ఏటా మనకే ముందు సముద్రపు నీళ్లు వస్తాయని వాళ్లకు కడుపుమంట. నువ్వు దీని గురించి ఆలోచించకు. పని చూసుకో. ఇంటికి రావద్దు, నాన్నకు నేనున్నాను.

సైకిళ్లాయనకు పిల్లలున్నారా?

అక్క

*

మార్చి 14

అక్కా,

వాయిదా వేయడానికి వీల్లేని కోపంతో రాస్తున్నాను. కలం కాగితంలోకి దిగుతోంది కాబట్టి అక్షరాలు పెద్దసారు అక్షరాల్లా ఉన్నాయి.

కాలువ గొడవకు డెబ్భై ఏళ్ల మనిషి చెవి పగలగొడతారా? సముద్రం ఏమైనా వాళ్ల తాత తవ్వించిన బావా? నేను వచ్చి పిడుగుగాడి మిగిలిన ఎనిమిది వేళ్ల లెక్క కూడా సరిచేద్దునే. కానీ సెలవు లేదు, గాలిగిన్నెల కోసం ఊరంతా వెతుకుతున్నాం. పైగా నా భుజబలం నీకు తెలుసు. బళ్లో నేను ఏదైనా కొట్టానంటే అది పరీక్షల్లో కాపీ మాత్రమే.

కాబట్టి చదువుకున్నవాడి ఆయుధం తీశాను. మామకు నేరుగా ఒక ఉత్తరం రాశాను. "ఉప్పు మళ్ల ప్రాంతంలో జరిగిన దౌర్జన్యం ఉన్నతాధికారుల దృష్టికి వచ్చింది. మరొకసారి సదరు కుటుంబం మీద చెయ్యి పడిన పక్షంలో తీవ్ర చర్యలు తీసుకోబడును." కింద సంతకం. పక్కన గుండ్రటి ముద్ర, ఈసారి రెండుసార్లు, భయం ఎక్కువ పుట్టాలని. ఏ అధికారులో, ఏ చర్యలో చదివేవాడి ఊహకు వదిలేశాను. చూస్తూ ఉండు, ఇక మీ గట్టు మీద కాలు పెట్టరు.

ఇక్కడ ఎండ మళ్లీ మొదలైంది. వానకు ఉబ్బిన శవాలు, అంటే కుక్కలవీ పిల్లులవీ, మురిక్కాలవల్లో బయటపడుతున్నాయి. పెద్దసారు ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉష్ణోగ్రత చూస్తున్నారు. సైకిళ్లాయనకు ముగ్గురు పిల్లలు. ఎందుకడిగావు? నువ్వు ఎప్పుడూ నాకు చెప్పని మాటకు బదులు ఇంకో మాట అడుగుతావు.

నాన్న వినపడే చెవిలో నా నమస్కారం చెప్పు.

తమ్ముడు

*

మార్చి 19

ఒరేయ్,

నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వే చెప్పించావు.

కాలువ గొడవ కాదు. నీ కాగితం. మామ నలభై మళ్లూ ఆ కాగితం చూసి ఆగాయి. వాళ్ల ఇంట్లో ఒకరిద్దరు మబ్బు చూసి లాగేద్దామన్నారట, ఆఫీసు వాళ్ల కంటే మీకు ఎక్కువ తెలుసా అని మామే కసిరాడట. తీరా వాన పడ్డాక చూస్తే, ఆ కాగితం తగిలించిన ఇంటివాళ్ల ఉప్పు ఒక్కటే కుప్పలేసి కప్పి ఉంది. వాళ్లేమనుకుంటారు? నేనైనా అదే అనుకుంటాను. మా పంట పోగొట్టి ఈ ఏడు ధర మొత్తం వీళ్లే తినాలని పన్నాగం పన్నారని.

తొమ్మిదిన పిడుగు అడిగింది ఒకటే, ఆ కాగితం ఎవరు రాశారని. నాన్న అప్పటికే పడి ఉన్నాడు, వినలేదు. నేనే రాశానన్నాను. ముద్ర బజార్లో చేయించానన్నాను. నీ పేరు బయటికొస్తే ముందు నీ ఉద్యోగం, తర్వాత నీ తల పోతాయని. వాళ్లు నమ్మారు. ఆడదానికి ఇంత పొగరా అన్నారు గానీ నమ్మారు. అంతటితో ఆగిపోయేది.

పదహారున నీ రెండో కాగితం వచ్చింది. మామ గోడ మీది మొదటిది పీకి, రెండూ తూకం బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఆయన చదివింది మూడో తరగతి. రెండు ముద్రలూ ఒకటేనని, రెండు సంతకాల వంకరా ఒకటేనని చెప్పడానికి ఆ చదువు చాలు. ఆ మధ్యాహ్నమే వచ్చారు. మన షెడ్డు తగలబెట్టారు. టార్పాలిన్లకు అంటుకుని ప్లాస్టిక్ కారి కుప్పల మీద నల్లగా గడ్డకట్టింది. కాలువ తలుపు గొడ్డలితో నరికి నీళ్లు వదిలారు. నాలుగు కుప్పల్లో ఒకటిన్నర మిగిలింది. నా ముంజేయి కాలింది, పెద్దదేం కాదు.

పిడుగు రెండు వేళ్లూ అతికించారు కానీ ముడుచుకోవడం లేదు. ఇక పలక పట్టలేడు. రోజూ మధ్యాహ్నం బస్సు టైముకు స్టాపు దగ్గర గడ్డపార ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఎవరి కోసమో అందరికీ తెలుసు. నువ్వు రావద్దు. నాన్నకు ఏమైనా సరే, నేను రమ్మని రాసినా సరే, రావద్దు.

ఇంకొకటి ఉంది. ఇది నీ మీద కోపంతో కాదు. కాగితం తగిలించిన రోజు నేను అక్కడే ఉన్నానని రాశాను కదా. మా తమ్ముడు వేళాకోళమాడాడు, అది నమ్మకండి అని ఒక్క మాట అంటే నలభై మళ్లూ ఉండేవి. నాన్న మొహం చూసి నోరు మూసుకున్నాను. మూసుకుని ఇంటికొచ్చి నా ఉప్పు లాగించుకున్నాను. అయితే వాళ్లు అనేది పూర్తి అబద్ధమేం కాదు.

ఆ కాగితం వేళాకోళమని నాన్నకు తెలియదు. మావాడి కాగితం సరైనదే, వానే తప్పు చేసింది అంటున్నాడు.

అక్క

*

మార్చి 22

అక్కా,

ఇది పొట్టి ఉత్తరం. ఇందులో హాస్యం కనిపిస్తే అలవాటు కొద్దీ వచ్చిందనుకో, ఉద్దేశం లేదు.

నీ ఉత్తరం తీసుకెళ్లి పెద్దసారు బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. సొరుగులోంచి ముద్ర తీసి, జేబులో వేసుకుని, జేబుకు గుండీ పెట్టుకున్నారు. కేకలు వేస్తారని కాచుకున్నాను, వేయలేదు. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన తాతలు అన్నారు. నువ్వు దాని మీద ముద్ర వేశావు" అన్నారు. తర్వాత ఎర్ర సిరాతో నా ఉద్యోగం కొట్టేశారు. వెళ్లేముందు ఉష్ణోగ్రత చూసి రాసి వెళ్లమన్నారు. రాశాను. ముప్పై తొమ్మిది.

ఇరవై ఐదున మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. వద్దన్నావు, విన్నాను. నువ్వు నా బదులు ఒకసారి కాలావు. ఇంకోసారి కాలితే నేను ఎక్కడున్నా బతకలేను. నువ్వు స్టాపు దగ్గరికి రాకు. చేతిలో పలకతో అసలు రాకు.

తమ్ముడు

*

మార్చి 29

పెద్దాసుపత్రి, ఎముకల వార్డు, కిటికీ పక్క మంచం

అక్కా,

దవడ రెండు చోట్ల విరిగింది. తీగలతో కట్టేశారు. ఆరు వారాలు నోరు తెరవకూడదట. మన ఊళ్లో, మా ఆఫీసులో, నా కాలేజీలో ఎంతమంది దండాలు పెట్టుకున్న కోరిక ఇది. నర్సమ్మ గొట్టంతో గంజి పోస్తుంది. పక్క మంచం ముసలాయన తన జీవితచరిత్ర మొత్తం నాకు చెప్పాడు, మధ్యలో ఆపనివాడు దొరకడం ఆయనకు ఇదే మొదటిసారట.

జరిగింది నువ్వు చివర మాత్రమే చూశావు. మొదలు చెబుతాను.

బస్సు దిగితే గాలి విపరీతంగా ఉంది. ఇసుక మొహాన గుప్పెళ్లతో కొడుతోంది. పిడుగు స్టాపు దిమ్మ మీద కూర్చున్నాడు. నన్ను చూసి వెంటనే లేవలేదు. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. కుడి చెయ్యి ఎత్తి చూపించాడు. మూడు వేళ్లు ముడిచాడు, రెండు నిటారుగా ఉండిపోయాయి.

"అది నువ్వు నవ్వులాటకు రాశావా, మమ్మల్ని ముంచడానికి రాశావా? నిజం చెప్పరా" అన్నాడు.

నవ్వులాటకే అన్నాను. ముంచడానికని చెబితే వాడు కొంచెం తేలికపడేవాడేమో అనిపించింది, అక్కా. పగవాడి చేతిలో మునిగితే అదో మర్యాద. వాడి మొహం చూస్తుంటే ఆ మర్యాద కూడా పోయిందనిపించింది.

"మా నాన్న బురదలోంచి లేవట్లేదు. రోజూ వెళ్లి మళ్లో కూర్చుంటున్నాడు. అది నవ్వులాటా?"

"కాదు" అన్నాను.

"నువ్వు కూడా కొట్టరా. నువ్వు కొడితే నాకు బావుంటుంది."

నాకు కొట్టడం రాదని, చిన్నప్పటి నుంచీ ఆ పని వాడిదేనని అన్నాను. అదీ హాస్యమే, నోటి దూల. వాడు గడ్డపార అవతల పారేశాడు. ఎడమ చేత్తో కొట్టాడు, పిడికిలితో. మొదటిది గుర్తుంది. రెండోదానికి లోపల తడిగా చప్పుడైంది, కొబ్బరికాయ చప్పుడు. కింద పడ్డాక పొట్టలో తన్నాడు. ఎన్నిసార్లో తెలియదు, కొలిచే ఉద్యోగం పోయింది కదా.

అప్పుడు నువ్వొచ్చావు, చేతిలో పలకతో. రావద్దన్నాను కదా. వాడు నీ వైపు వీపు పెట్టి ఉన్నాడు. నువ్వు పలక తల మీదికి ఎత్తావు, ఇనుప పట్టీ కిందికి. ఆ దెబ్బ తల మీద పడితే వాడు లేవడు. నిన్ను వాళ్లు లేవనివ్వరు. నేను పాక్కుంటూ వచ్చి కర్ర పట్టుకుని వేలాడాను. నువ్వు నన్ను కూడా నాలుగడుగులు ఈడ్చావు. వదలరా అని నన్నే తన్నావు. ఆ తన్ను పిడుగు తన్నుల కంటే బాగా తగిలింది, మన ఇంటి తన్ను.

తర్వాత ఇసుక, ఆకాశం, ఎవరివో కాళ్లు. అంతే.

ఆ పైన ఏం జరిగింది? వాడేమయ్యాడు? నాన్నకు చెప్పావా? నర్సమ్మకు తెలియదు, ముసలాయన తన కథే చెబుతున్నాడు. ఒక్క ముక్కలో రాస్తావేమో, నాకు పెద్ద ఉత్తరం కావాలి.

కిటికీలోంచి మబ్బు కనిపిస్తోంది. ఏం మబ్బో నాకు తెలియదు.

తమ్ముడు

*

ఏప్రిల్ 4

తమ్ముడికి,

పెద్ద ఉత్తరం రాయడం నాకు అలవాటు లేదు. ప్రయత్నిస్తాను.

నువ్వు స్పృహ తప్పాక పిడుగు నీ పక్కనే కూలబడ్డాడు. పలక నా చేతిలోనే ఉంది. వాడు తల ఎత్తలేదు. కొట్టు అక్కా అన్నాడు. వాడు నన్ను అక్కా అని పిలిచి పదేళ్లయింది. నేను పలక వదిలేసి నీ మెడ కింద చెయ్యి పెట్టాను. వాడు కాళ్లు పట్టాడు. బస్సు ఎక్కించింది ఇద్దరం. నీ రక్తం వాడి చొక్కా నిండా ఉంది, నా చొక్కా నిండా ఉంది. కండక్టరు మా ఇద్దరిలో ఎవరు కొట్టారో తెలియక ఇద్దరినీ తిట్టాడు.

మర్నాడు తూకం షెడ్డుకు వెళ్లాను. నాన్నను కూడా తీసుకెళ్లాను. ఆయన వద్దన్నాడు, ఊపిరి పీలిస్తే పక్కలో గుచ్చుకుంటోంది. అయినా తీసుకెళ్లాను. మామ, వాళ్ల మనుషులు, మనవాళ్లు అందరూ ఉన్నారు. గోడకు మేకు ఒక్కటే ఉంది. దాని కింద నిలబడి చెప్పాను. ఆ కాగితం మా తమ్ముడు వేళాకోళానికి రాశాడు, వాళ్ల ఆఫీసుకు జోస్యం చెప్పే పనే లేదు, ఆ సంగతి నాకు ముందే తెలుసు, తెలిసి నోరు మూసుకున్నాను, మూసుకుని నా ఉప్పు లాగించుకున్నాను అని.

నాన్న కుడి చెవి నా వైపు తిప్పి, ఇంకోసారి చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. మొదటిసారి కంటే రెండోసారి కష్టం. ఆయన నా మొహం చూస్తూ విన్నాడు. నేను ఎవరి పరువు కోసం నోరు మూసుకున్నానో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆయన మూల నిలబెట్టిన పలక తీసుకుని బయటికి నడిచాడు. ఎక్కడికో అనుకున్నాను. నేరుగా మామవాళ్ల మళ్లలోకి దిగాడు. నీకు తెలుసు, వాన పడ్డ మడిలో పైబురద మొత్తం లాగి, అడుగు గట్టిపరిస్తే గానీ మళ్లీ నీళ్లు పెట్టడానికి ఉండదు. నలభై మళ్లకు రెండు నెలల పని. విరిగిన ఎముకల మనిషి మొదటి మడి మొదటి మూల నుంచి మొదలుపెట్టాడు. ప్రతి లాగుకూ ఆగి, పక్క పట్టుకుని, మళ్లీ లాగాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. నేనూ దిగాను. కాసేపటికి మనవాళ్లు ఇద్దరు దిగారు. మామవాళ్ల మనుషులు గట్టు మీద గడ్డపారలు పట్టుకుని చూస్తూ ఉన్నారు, వీపు మీద ఎప్పుడు పడుతుందా అని నేను మధ్యాహ్నం దాకా ఎదురుచూశాను. పడలేదు.

ఇవాళ్టికి పదో రోజు. ఆరు మళ్లు అయ్యాయి. పిడుగు ఎడమ చేత్తో తట్టలు మోస్తున్నాడు. మాతో మాట్లాడడు. మామ రోజూ వచ్చి గట్టు మీద కూర్చుని సముద్రం వైపు చూసేవాడు. నిన్న మాత్రం నాన్న వైపు తిరిగి, ఆ చివరి గట్టు దాకా వినపడేలా, ఇన్నేళ్లొచ్చాయి, పలక అలాగేనా పట్టుకునేది అని ఉరిమాడు. నాన్న వినపడని చెవి అటు పెట్టి లాగుతూనే ఉన్నాడు. మామ చెప్పులు విడిచి దిగాడు.

ఇంకా ముప్పై నాలుగు ఉన్నాయి. పడమర నుంచి రోజూ మధ్యాహ్నం మబ్బు లేస్తోంది. మళ్లీ పడితే ఈ ఆరూ మొదటి నుంచి చెయ్యాలి.

దవడ మానే దాకా ఆగక్కర్లేదు, కాళ్లు నిలబడితే చాలు, వచ్చెయ్. ఇక్కడ ఎవరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు. బురద లాగాలి.

అక్క